తబిత పెట్టని కప్పులు

ఆనందకుమార్ ఎడమ చేత్తో అన్నం తింటాడు. పెళ్ళిళ్ళలో, చర్చి విందుల్లో బంతి చివర చూసుకుని కూర్చుంటాడు, పక్కవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉండకూడదని. కుడి చెయ్యి లేక కాదు. ఉంది, బలంగానే ఉంది. బకెట్టు మోస్తుంది, తాళం తిప్పుతుంది. మోచెయ్యి మాత్రం సగం వంగి ఆగిపోతుంది. ముద్ద నోటికి చేరదు.

ఫిల్మ్‌నగర్ బస్తీలో అతన్ని ఇప్పటికీ ఫైటర్ ఆనంద్ అనే పిలుస్తారు. హీరో ఒక్క గుద్దు గుద్దితే గాల్లోకి ఎగిరి పడే మనుషుల్లో అతనొకడు. మెట్ల మీంచి దొర్లే షాటులో ఒకసారి మోచెయ్యి విరిగింది. యూనిట్లో ఎవరికి ఏ ఎముక విరిగినా నాటుకట్టుకి తీసుకెళ్ళడం అలవాటు. అతన్నీ తీసుకెళ్ళారు. కట్టు కట్టినాయన వెళ్ళినప్పుడల్లా ఒకటే అడిగేవాడు, "నొప్పి తగ్గిందా?" అని. తగ్గింది. ఆనందకుమార్ అబద్ధం చెప్పలేదు. కట్టు విప్పేసరికి నొప్పి పూర్తిగా పోయింది, మోచెయ్యి పూర్తిగా బిగిసింది. తర్వాత ఆసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, ఎముక చక్కగా అతుక్కుందయ్యా అని పంపించేశాడు. చెయ్యి నోటిదాకా వెళ్తోందా అని అక్కడా అడగలేదు, ఇక్కడా అడగలేదు.

అతని కూతురు తబిత అప్పటికి బడికెళ్ళే పిల్ల. తండ్రి ఎడమ చేత్తో పప్పన్నం కలుపుకోవడం నేర్చుకుంటుంటే ఎదురుగా కూర్చుని చూసింది. ఇంటర్ అయ్యాక ఫిజియోథెరపీ చదువుతానంది. తల్లి పుష్పకుమారిది తెనాలి దగ్గర ఊరు, సినిమా కాస్ట్యూమ్స్ కుట్టి ఇస్త్రీ చేసే పని. "నర్సింగ్ అయితే చదువవగానే ఉద్యోగం కదే," అంది.

"నర్సులు చాలామంది ఉన్నారమ్మా. కదిపించేవాళ్ళే తక్కువ."

నేర్చుకున్న ప్రతిదీ మొదట తండ్రి మోచేతి మీదే ప్రయత్నించింది. అది ఆమె చదువుకి లొంగలేదు. కీలులో ఎముక అడ్డంగా పెరిగిపోయింది. ఆ సంగతి తండ్రికి తనే చెప్పింది, మెత్తగా చుట్టి చెప్పకుండా. "పోన్లే, ఎడమ చెయ్యి ఇప్పుడు బాగా అలవాటైంది," అన్నాడాయన.

నాలుగేళ్ళ చదువు ముగిసి ఇంటర్న్‌షిప్ వచ్చింది. చివర్లో ప్రతి ఒక్కరూ ఒక చిన్న అధ్యయనం చేసి కాలేజీలో అందరి ముందూ చెప్పాలి. తబిత ఎంచుకున్నది తన తోటివాళ్ళనే. ఒంటికి కప్పులు అంటించే కప్పింగు, నాటుకట్టు, ఆకుపంక్చరు, తైలాలు, ఇలా పాఠాల్లో లేని వైద్యాల గురించి ఫిజియోథెరపీ విద్యార్థులు ఏమనుకుంటున్నారు? క్యాంటీన్లో, బస్సులో, ల్యాబు బయట, దొరికినవాళ్ళని దొరికినచోట కూర్చోబెట్టి అడిగింది.

"మా నాయనమ్మ కాపడం పెట్టకపోతే నేను చిన్నప్పుడు నడిచేటోన్నే కాదు. దాన్ని తప్పని రాస్తే ఊకోను," అన్నాడొకడు. టోలిచౌకి నుంచి వచ్చే అమ్మాయి, "మా ఇంట్లో హిజామా అంటే, కప్పు పెట్టి చెడు రక్తం తీయించుకోవడమంటే నమ్మకం తబితా. దానికి మార్కులెయ్యకు," అంది. మొదటి ఏడాది పిల్లలు అంతా బూటకమన్నారు. చివరి ఏడాదివాళ్ళ నోళ్ళు మాత్రం మెత్తబడి ఉన్నాయి. వాళ్ళలో సగంమంది సంచుల్లో ప్లాస్టిక్ కప్పుల పెట్టెలు ఉన్నాయి. ఎక్కడ నేర్చుకున్నారంటే వీడియోల్లో, శని ఆదివారాల శిక్షణల్లో.

తబితతోపాటు ఒకే క్లినిక్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తున్న సాత్విక శ్రీనగర్ కాలనీ అమ్మాయి. ఆమె మాట సూటిగా ఉండేది. "పేషెంట్ అడుగుతాడు. మనం పెట్టకపోతే పక్క సందులో ఇంకెవడో పెడతాడు. మనమైతే కనీసం చేతులు కడుక్కుని పెడతాం."

"నమ్మి పెడతావా?"

"నీ ప్రశ్నల్లో అది లేదు కదా! ఉన్నవి అడుగు."

మీ ఇళ్ళలో ఏం వాడతారంటే మాత్రం దాదాపు అందరూ ఏమీ లేదన్నారు. తబిత నవ్వింది. "మా ఇంట్లో ప్రార్థన నూనె ఉంది," అంది. పాస్టరు గారు చెయ్యి ఉంచి ప్రార్థన చేసిన కొబ్బరినూనె సీసా అది. పుష్పకుమారి దాన్ని కిటికీలో పెడుతుంది. బస్తీలో మోకాళ్ళు పట్టేసిన ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటే రాస్తుంది.

"పనిచేస్తుందా మరి?" అని ఆటపట్టించింది సాత్విక.

"బాగా జారుతుంది. మా అమ్మ రాస్తుంటే ముసలమ్మలు ఏడుపు ఆపేస్తారు. మోకాలు మాత్రం వంగదు. వంచేది నేను."

మొత్తం మీద ఎక్కువమంది ఈ వైద్యాలు మంచివేనన్నారు, తామూ నేర్చుకుంటామన్నారు. గైడ్ మేడం చూసి సంతోషించింది. "పాజిటివ్ ఆటిట్యూడ్ అని రాసేయమ్మా, అయిపోయింది."

అయిపోలేదు.

తబిత, సాత్విక పనిచేస్తున్న క్లినిక్ జూబ్లీహిల్స్‌లో ఒక అద్దాల మేడలో ఉంది. నడిపేది డాక్టర్ రవిచంద్ర. చేతిలో పనితనం ఉన్న మనిషే. కానీ సినిమావాళ్ళు రావడం మొదలయ్యాక వ్యాయామాల గది చిన్నదైంది, ఫొటోలు దిగే గోడ పెద్దదైంది. నటులకి కప్పులంటే ఇష్టం. పంపుతో గాలి లాగితే చర్మం కప్పులోకి ఉబ్బి, తీశాక గుండ్రంగా నల్లటి మచ్చలు మిగులుతాయి. వ్యాయామం చేస్తే ఫొటోలో ఏమీ కనపడదు. మచ్చలు కనపడతాయి.

సూర్యతేజ అనే కొత్త హీరో మొదటి సినిమా షూటింగులో ఎడమ భుజం పట్టేసి వచ్చాడు. జనగామ వైపు కుర్రాడు, ఇంకా పెద్దగా పొగరు రాలేదు. రవిచంద్రే స్వయంగా కప్పులు పెట్టాడు, మచ్చలు దిట్టంగా పడాలని గట్టిగా గాలి లాగాడు. రెండుచోట్ల బొబ్బలెక్కాయి. ఆ వారమే అతనికి వానలో ఫైటు తీశారు. చొక్కా చిరిగిపోయి వీపు కనిపించే ఫైటు. సగం అయ్యాక షెడ్యూల్ ఆగిపోయింది. మళ్ళీ మొదలయ్యేనాటికి మచ్చలు మాయమయ్యాయి. తీసిన సగంలోనేమో వీపు నిండా గుండ్రాలు కనిపిస్తున్నాయి. వాటిని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, ఎడిటింగ్‌లో పట్టుకున్నారు.

ఆ సాయంత్రం సూర్యతేజ బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. రవిచంద్ర ఫోన్లో ఒక ఫొటో తెరిచి తబిత చేతిలో పెట్టాడు.

"ఈ ఫొటోలో ఎక్కడున్నాయో ఎగ్జాక్ట్‌గా అక్కడే పెట్టు తబితా. డార్క్‌గా రావాలి. రేపు మార్నింగ్ షూట్."

"నొప్పి ఎక్కడ సార్?"

"నొప్పి సంగతి కాదమ్మా. కంటిన్యుటీ. ముందు తీసిన సగంతో కలవాలి."

తబిత ముందు వీపు చూసింది. బొబ్బలు చితికినచోట కొత్త చర్మం గులాబీ రంగులో, ఉల్లిపొర అంత పలచగా ఉంది. అతన్ని లేచి కూర్చోమంది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టమంది. బొటనవేలు బెల్టు దగ్గరే ఆగింది.

"ఎనక జేబుల నుంచి ఫోన్ తీయనీకి గూడ అయితలేదు డాక్టర్," అన్నాడతను.

"దీనికి చెయ్యాల్సింది వేరే ఉంది సార్," అంది తబిత, రవిచంద్ర వైపు తిరిగి. "కప్పులు నేను పెట్టను. అక్కడ చర్మం ఊడొస్తుంది. ఊడకపోయినా పెట్టను. మచ్చ కోసం పెట్టేది వైద్యం కాదు."

రవిచంద్ర గొంతు పెంచలేదు. "నీ ప్రాజెక్టు నేను చదివాను. మీ బ్యాచ్‌లో ఎక్కువమంది కప్పింగ్ మంచిదే అన్నారని నువ్వే రాశావు."

"మంచిదన్నారు సార్. మచ్చ కోసం పెడతారా అని నేను అడగలేదు. అది నా పొరపాటు."

"ఇంటర్న్‌షిప్ కంప్లీషన్ మీద సంతకం పెట్టేది నేనేనని గుర్తుందా?"

"ఉంది సార్."

సాత్విక గబగబా ముందుకొచ్చి కప్పుల పెట్టె అందుకుంది. "నేను పెట్టేస్తా సార్. నువ్వు జరుగు తబితా. ఎందుకే ఊరికే మొండిపట్టు?"

తబిత జరగలేదు. ఆ గులాబీ చర్మం మీద తన అరచెయ్యి బోర్లించి నిలబడింది. "ఇక్కడ పెట్టాలంటే నా చెయ్యి మీద పెట్టు."

"అరే, ఏంది గీ లొల్లి?" సూర్యతేజ ఇబ్బందిగా మెడ తిప్పాడు. "నాకు జర మచ్చలు పడితే చాలు. వైద్యం గియ్యం తర్వాత చూద్దాం."

"మచ్చలే కావాలా? మచ్చలు చేసే మనిషి మా వీధిలోనే ఉన్నాడు. రండి."

"వాన ఫైట్ అది. రంగు ఆగదు," అన్నాడు రవిచంద్ర.

"ఆగుద్దో లేదో ఆయన్ని అడుగుదాం."

హీరో చొక్కా తొడుక్కున్నాడు. ఆమె చెప్పింది నమ్మి కాదు, ఆ గదిలోంచి బయటపడితే చాలనుకుని. రవిచంద్ర తలుపు దగ్గర ఒకే మాట అన్నాడు. "రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

రాములు మేకప్ మనిషి. దెబ్బలు, కాలిన గాయాలు, కుట్లు అతని పని. తబిత వాళ్ళ ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉంటాడు. సంగతి విని ఫొటో చూశాడు.

"గీ మచ్చ ఎప్పటిదుండాలె? నిన్నటిదైతే ఎర్రగుంటది, నాలుగొద్దులైతే నేరేడుపండు లెక్కుంటది, పోయే ముంగట పచ్చబడ్తది. ఏది గావాలె?"

"ఫొటోల ఉన్నట్టు," అన్నాడు సూర్యతేజ.

టాటూలకు వాడే, నీళ్ళకి చెదరని రంగు తీశాడు రాములు. గ్లాసు మూతి రంగులో ముంచి అచ్చు వెయ్యలేదు. స్పాంజి ముక్కతో అద్దుతూ అంచు ముదురుగా, నడుమ పలచగా, అక్కడక్కడ చుక్కలు చిట్లినట్టు చేశాడు. మానుతున్న చర్మం జోలికి పోకుండా అక్కడి రెండు గుండ్రాల్నీ కొంచెం పక్కకి జరిపాడు. అయ్యాక చెంబుడు నీళ్ళు వీపు మీద కుమ్మరించాడు. రంగు కదల్లేదు.

సూర్యతేజ రెండు అద్దాల మధ్య నిలబడి వెనక్కి చూసుకున్నాడు. భుజం ఒకసారి తిప్పాడు. ముఖం విప్పారింది.

"అరెరే! సగం నొప్పి పోయింది రా బై."

రాములు పగలబడి నవ్వాడు. "గింత రంగుకేనా సారూ? ఇంకో రెండు ఎయ్యమంటవా, మొత్తం పోతది!"

తబిత నవ్వలేదు. "నిజంగా తగ్గిందా?"

"నిజం డాక్టర్. ఒట్టు."

"చెయ్యి వెనక్కి పెట్టండి."

పెట్టాడు. బొటనవేలు బెల్టు దగ్గరే ఆగింది. క్లినిక్‌లో ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే.

తబిత ఇంటికి నడిచి వచ్చి గుమ్మంలో చాలాసేపు కూర్చుంది. గెలిచానన్న ఊపు అప్పటికే దిగిపోయింది. రంగుకే తగ్గుతుందంటే, తను చేతులు వేసి పని చేశాక "తగ్గిందమ్మా" అని దీవించి వెళ్ళినవాళ్ళలో ఎందరికి నిజంగా తగ్గింది? ఎందరు తెల్లకోటు చూసి అన్నారు? లోపల ఆనందకుమార్ భోంచేస్తున్నాడు. ఎడమ చేత్తో. అతన్ని కూడా ఆ కట్టు కట్టినాయన శ్రద్ధగా, ప్రేమగా, వెళ్ళినప్పుడల్లా నొప్పి తగ్గిందా అనే అడిగాడు.

మర్నాడు గైడ్ మేడం ఫోన్ చేసింది. "సెమినార్‌కి రవిచంద్ర గారిని పిలిచాం. ఆయన పెద్దమనసుతో ఉన్నారమ్మా. ఒక్క సారీ చెప్పు, అక్కడే సంతకం పెడతానన్నారు. ఆ రోజు జరిగింది మాత్రం ఎత్తకు. లేకపోతే ఈ ఇంటర్న్‌షిప్ లెక్కలోకి రాదు. మళ్ళీ మొదటినుంచి ఇంకోచోట చెయ్యాలి, తెలుసుగా?"

పుష్పకుమారి విని నెత్తి పట్టుకుంది. "సారీ అంటే నోరు పడిపోద్దా? నేను రోజూ పదిమందికి చెప్తా, బొత్తాం ఊడినా నేనే చెప్తా."

"బొత్తాం ఊడితే నేనూ చెప్తానమ్మా."

ఆనందకుమార్ ఎంగిలి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "నేను నా బతుకంతా హీరోలకి అడ్డంపడి కింద పడ్డాను. మన ఇంట్లో అడ్డంపడి నిలబడింది ఇదొక్కతే. దాన్ని వదిలెయ్ పుష్పా."

సెమినార్ రోజు రవిచంద్ర ముందు వరసలో కూర్చున్నాడు, జేబులో పెన్నుతో. తబిత తను అడిగినవి, వాళ్ళు చెప్పినవి ఉన్నవి ఉన్నట్టు చదివింది. ఎవర్నీ వెక్కిరించలేదు, నాయనమ్మ కాపడంతో సహా. తర్వాత కాగితాలు మడిచేసింది.

"నేనడగని ప్రశ్న ఒకటి మిగిలింది. ఇప్పుడు అడుగుతున్నా. నమ్మకం లేకపోయినా, అవసరం లేదని తెలిసినా, పైవాళ్ళు చెప్పారనో పేషెంట్ ముచ్చటపడ్డాడనో మనలో ఎంతమంది చేశాం?"

తబిత తన చెయ్యి తనే పైకెత్తింది. "నేను చేశాను. పోయిన నెల ఒక డాన్సర్ పిక్కకి రంగు టేపులు అంటించాను, ఆమె పింక్ కావాలంది కాబట్టి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆ రోజు క్లినిక్‌లో జరిగింది చెప్పింది. పేషెంటు పేరు చెప్పలేదు, క్లినిక్ పేరు చెప్పలేదు. ముందు వరసలో ఎవరి మెడ బిగుసుకుందో చూస్తే పేరు అక్కర్లేదు.

సాత్విక లేచింది. ముఖం ఎర్రబడింది. "చాలా గొప్పగా ఉంది తబితా. మరి మీ అమ్మ నూనె సంగతో? నువ్వూ చేతికి రాసుకునేదేగా?"

"రాసుకుంటాను. రేపూ రాసుకుంటాను. దాంతో మోకాలు వంగిందని మాత్రం ఎవరికీ చెప్పను."

"మనం వద్దంటే వాళ్ళు పక్క సందుకి పోతారు. అప్పుడు?"

"నిజమే. అందుకే వద్దనట్లేదు. నేర్చుకుందాం. కావాలంటే పెడదాం. కానీ పెట్టే ముందు చెయ్యి ఎక్కడిదాకా పోతుందో చూద్దాం, తీశాక చూద్దాం. మారకపోతే మారలేదని ఆ మనిషికే చెబుదాం. మన వ్యాయామాలకీ అదే లెక్క. నొప్పి తగ్గిందా అని అడిగి ఊరుకుంటే మనకీ ఆ పక్క సందుకీ తేడా ఏముంది?"

రవిచంద్ర లేచి నిలబడ్డాడు, చిరునవ్వుతోనే. "వెరీ డ్రమాటిక్. ఫిల్మ్‌నగర్ అమ్మాయి కదా."

హాలంతా నవ్వింది. తబిత నవ్వు అయిపోయేదాకా ఆగింది.

"అవును సార్, ఫిల్మ్‌నగరే. పడ్డట్టు నటించడం వేరు, పడటం వేరు అని మాకు చిన్నప్పుడే తెలుస్తుంది."

ఆయన పెన్ను జేబులోంచి బయటికి రాకుండానే వెళ్ళిపోయింది. తబిత అడిగిన ప్రశ్నకి చేతులు ఎన్ని లేచాయంటే, ముగ్గురివి. అందులో ఒకటి మధ్యలోనే దిగిపోయింది.

ఆ ఏడాది ఆమె తోటివాళ్ళు నల్లగౌన్లు వేసుకుని టోపీలు ఎగరేశారు. తబిత ఆ ఉదయం ఒక ప్రభుత్వాసుపత్రిలో, మళ్ళీ మొదటినుంచి మొదలైన ఇంటర్న్‌షిప్‌లో ఉంది. సాయంత్రాలు ఇంటి ముందు సూర్యతేజ ఆమె చెప్పినట్టు గోడ మీద వేళ్ళు పైకి పాకిస్తూ చెమటలు కక్కేవాడు. కొన్నాళ్ళు వచ్చాడు, వెనక జేబులోంచి ఫోన్ తియ్యగలిగిన రోజు ఆ ఫోన్లోనే అందరికీ వీడియో తీసి చూపించాడు, తర్వాత రెండో సినిమా వచ్చి రావడం మానేశాడు.

మొదటి సినిమా బాగానే ఆడింది. పోస్టరు మీద వానలో తడిసిన వీపు, దాని నిండా గుండ్రటి మచ్చలు. జూబ్లీహిల్స్ క్లినిక్ వాళ్ళు ఆ పోస్టరునే పెద్దది చేసి గోడకి పెట్టారు, మా దగ్గర ఈ చికిత్స దొరుకుతుందని రాసి. రాములు బండి ఆపి మరీ ఫొటో తీసుకొచ్చాడు.

"తబితమ్మా, చూసినవా? గా క్లినిక్ గోడ మీద నా పని!"

సాత్విక అక్కడే ఉద్యోగంలో చేరింది. ఒకరోజు ఫోన్ చేసింది. "ఆ బొమ్మ చూపించి రోజూ అవే పెట్టమంటున్నారే."

"నువ్వేం చేస్తున్నావు?"

"పెడుతున్నా." గొంతు తగ్గించింది. "పెట్టే ముందూ, తీశాకా చెయ్యి ఎత్తించి చూస్తున్నాలే. సార్ లేనప్పుడు."

ప్రభుత్వాసుపత్రికి ఒకనాడు సీతామహాలక్ష్మి అనే ఆవిడ వచ్చింది. మధురానగర్‌లో మెస్ నడుపుతుంది. కుడి భుజం పైకి లేవడం లేదు. తబిత కోటు కొంగులా పట్టుకుని బతిమాలింది. "ఆ సినిమాలో అబ్బాయికి పెట్టారు కదమ్మా గుండ్రంగా, అవి నాకూ పెట్టు తల్లీ. మా అల్లుడు చెప్పాడు, వెంటనే గుణం కనిపిస్తుందంట."

"అవి కప్పులు కావమ్మా, రంగు. వేసినాయన మా వీధిలోనే ఉంటాడు."

"చోద్యం! రంగేంటి?" ఆవిడ నమ్మలేదు. "పోనీ పెట్టడం చేతకాదని చెప్పు."

"చేతనవును. ఆ మచ్చల కోసమైతే పెట్టను. కొప్పు మీరే ముడేసుకుంటున్నారా?"

ఆవిడ ముఖం మారింది. "కోడలు వేస్తోంది. దాని చేత తల దువ్వించుకోవాల్సి వస్తుందనుకోలేదు."

తబిత సంచిలోంచి అమ్మ ఇచ్చిన కొబ్బరినూనె సీసా తీసి అరచేతుల్లో రాసుకుంది. "ఆ చెయ్యి జుట్టు దాకా తీసుకెళ్ళండి. ఎక్కడ ఆగుతుందో చూద్దాం."

చెయ్యి వణుకుతూ లేచి చెవి దగ్గర ఆగింది. ఆవిడ పళ్ళు బిగించి తబితని ఒక తిట్టు తిట్టింది.

"తిట్టండి, పర్లేదు. ఇంకోసారి."